జడ ముందుకేస్తే నిజం

మా అమ్మాయి గ్రౌండ్‌లో కింద పడిందంటే నా కాళ్లు నా మాట వినవు. ఇరవై ఏళ్ల పిల్ల, ఒక క్లబ్బులో జీతం తీసుకుని ఫుట్‌బాల్ ఆడుతున్న పిల్ల, అయినా అంతే. మ్యాచ్ ఉందంటే పొద్దున్నుంచే నాకు ఒకచోట కుదురుండదు. గ్యాస్ కట్టేశానో లేదో అని తాళం తీసి మళ్లీ లోపలికి పోతాను. గ్రౌండ్‌లో కూర్చున్నాక కూడా చున్నీ కొస నలుపుతూనే ఉంటాను.

మొదటిసారి అలా ఎల్బీనగర్‌లోని గ్రౌండ్‌లో జరిగింది. మా పిల్ల బంతి తీసుకుని గోల్ ముందుకు దూసుకుపోతోంది. అవతలి టీమ్ పిల్ల పక్కనుంచి వచ్చి భుజంతో తాకింది. అంతే, మాది గిర్రున తిరిగి పడి, మోకాలు పట్టుకుని పొర్లింది. అంతకుముందు ఆపరేషన్ అయిన మోకాలే అది. రెయిలింగ్ ఎలా దాటానో నాకు తెలియదు. చెప్పు ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. "బిడ్డా, ఏమైంది బిడ్డా" అంటూ వెళ్లి పక్కన కూలబడ్డాను. జుట్టు సందులోంచి ఒక కన్ను తెరిచి నన్ను చూసింది.

"ఏం కాలే మమ్మీ. జల్ది పో ఈడికెళ్లి."

అప్పటిదాకా ఎటూ తేల్చుకోని రెఫరీ నన్ను చూసి, గోల్ వైపు చెయ్యి చూపించాడు. పెనాల్టీ. మావాళ్లు గెలిచారు. కోచ్ నా చెప్పులు ఏరి తెచ్చిచ్చాడు. "మేడమ్, మీరట్ల ఉరికొచ్చిన్రు సూడుండ్రి, రెఫరీకి ఇంక డౌటే రాలే" అన్నాడు. మెచ్చుకుంటూనే అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పరీక్ష హాల్లో స్లిప్పు ఎక్కడున్నా నా ముక్కుకి తెలుస్తుందని పేరు. పిల్లలు నాకు చాటుగా పెట్టిన పేరు కూడా నాకు తెలుసు, ఇక్కడ రాయను. అలాంటిదాన్ని పట్టుకుపోయి నా కూతురు దొంగసాక్షిగా నిలబెట్టింది.

రాత్రి అన్నాల దగ్గర అడిగేశాను. "నువ్వు చేసింది మోసం కాదా?"

"మోసమెట్లయితది మమ్మీ? ఆమె నిజంగనే తాకింది. తాకినంక గూడ నిలబడి ఆడితే ఎవ్వడు ఫౌల్ ఇయ్యడు. పడితేనే ఇస్తడు."

"తాకింది భుజానికి. నువ్వు పట్టుకున్నది మోకాలు."

నవ్వేసింది. వాళ్ల నాన్న ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. ఆయనది పండ్ల వ్యాపారం. గడ్డిఅన్నారం మార్కెట్ ఉన్నన్నాళ్లూ అక్కడే కమీషన్ దుకాణం, అది తరలిపోయాక రోజూ అబ్దుల్లాపూర్‌మెట్ దాకా పరుగు.

"మామిడి డబ్బల మంచి పండ్లు పైన పెడ్తం. కొనెటోనికి తెల్వదా? తెలిసే కొంటడు. అందరికి తెలిసినదాన్ని మోసమంటరా?"

"కింద కుళ్లినయి పెడితే?"

"గది మోసం."

"మరి దీని మోకాలు పై పండా, కింది పండా?"

ఆయన పెరుగన్నం మరింత శ్రద్ధగా కలుపుకున్నాడు.

నేనేమీ ఆట తెలియనిదాన్ని కాదు. లైను దాటిన బంతిని నాలుగడుగులు ముందుకు జరిగి లోపలికి విసురుతారు. గెలుస్తున్న టీమ్ గోల్‌కీపర్ బాగానే ఉన్న లేసు విప్పి మళ్లీ కట్టుకుంటుంది. వాటికి నేనూ నవ్వుకున్నదాన్నే. నొప్పితో ఆటలాడటమే మింగుడుపడలేదు. బిడ్డ నొప్పి అంటే నమ్మడం తప్ప తల్లికి ఇంకో దారేముంది? ఆ వారం పరీక్ష హాల్లో ఒకమ్మాయి కడుపునొప్పి అని లేస్తే, దాని ముఖంలోకి పోలీసులా చూశాను. పాపం, ఆ పిల్ల నిజంగానే మెలికలు తిరిగిపోతోంది. నా మీద నాకే రోత పుట్టింది.

నా పరేషాన్ చూడలేక చివరికి మా అమ్మాయే ఒక ఉపాయం చెప్పింది.

"నిజంగ దెబ్బ తాకితే జడ ముందుకేసుకుంట. జడ యెనకనే ఉంటే నువ్వు లేవకు. సరేనా?"

సరే అన్నాను. లెక్కల టీచర్ని కదా, గుర్తులంటే నాకు నమ్మకం. ఆ తర్వాత అది పడినప్పుడల్లా నేను ముందు జడ చూసేదాన్ని. వీపు మీదే ఉండేది. నేను కూర్చునే ఉండేదాన్ని. "మీ పిల్లేనా? అయ్యో పాపం" అని పక్కనున్నవాళ్లు అంటే, "లేస్తది తియ్యుండ్రి" అనేదాన్ని. సిగ్గు కూడా అలవాటైపోయింది.

ఒక ఆదివారం సాయంత్రం మ్యాచ్ చూడటానికి బయటి రాష్ట్రం నుంచి ఒక పెద్ద క్లబ్బాయన వచ్చాడు. అలాంటి క్లబ్బులో ఆడాలని మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి కల. మావాళ్లు ఒక గోల్ ముందున్నారు. ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని మాది పడింది, మోకాలు పట్టుకుంది. నా చూపు జడ మీదికి పోయింది. వెనకే ఉంది. చేతిలో పల్లీలు పక్కావిడకి కూడా పెట్టాను. మాది లేచి, కోచ్‌కి బొటనవేలు చూపించి, కుంటుతూ ఆడింది. టైమ్ తినడానికి కుంటుతోందనుకుని లోలోపల నవ్వుకున్నాను కూడా.

మ్యాచ్ అయ్యాక ఆ క్లబ్బాయన వచ్చి, ఎల్లుండే ట్రయల్స్‌కి రమ్మన్నాడు. స్కూటీ గేటు దాకా తెమ్మంది మా అమ్మాయి. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు దాని తల నా వీపుకి ఆనింది.

"ఇయ్యాల యాక్షన్ మస్తు చేసినవ్‌లే" అన్నాను.

నా వీపుకి తడి తగిలింది.

"యాక్షన్ కాదు మమ్మీ."

"మరి జడ?"

"జడ ముందుకేస్తే నువ్వు ఉరికొస్తవ్. నువ్వొస్తే కోచ్ సార్ నన్ను బయటికి తీస్తడు. ఆ క్లబ్బాయన సూస్తుండె గదా."

స్కూటీ నేరుగా దిల్‌సుఖ్‌నగర్‌లో దవాఖానకి తిప్పాను. దారి పొడుగునా "అద్దు మమ్మీ, ఇంటికి పోదాం" అని నస. డాక్టర్ కోస్తా వైపు మనిషి, నిదానంగా మాట్లాడతాడు. మోకాలు పట్టుకుని నొక్కుతూ, "ఇక్కడ నొప్పిగా ఉందా తల్లీ?" అని అడిగాడు.

"లేదు సార్. జర వాచిందంతే."

మళ్లీ నొక్కాడు. దాని ముఖంలో ఒక్క గీత కూడా కదలలేదు. లేని నొప్పి చూపించడం నేర్చిన పిల్లకి ఉన్న నొప్పి దాచడం ఒక లెక్కా?

"నొప్పి లేకపోతే కట్టు కట్టి పంపించేస్తానండి. ఉంటే మాత్రం స్కాన్ తీయించాలి, ఆట ఆపాలి. మీరు చెప్పండమ్మా, తల్లి కదా, మీకు తెలుస్తుంది" అన్నాడు నా వైపు తిరిగి.

దాని ముఖం చూశాను. నా కడుపున పుట్టిన పిల్ల ముఖం. స్కూటీ మీద అది చెప్పకపోయి ఉంటే నాకేమీ తెలిసేది కాదు. ట్రయల్స్ ఎల్లుండే. చెప్పొద్దని కళ్లతో బతిమాలుతోంది. ఆ ఒక్కటి మాత్రం నాటకం కాదని తెలిసింది.

నేను చెయ్యి చాపి, దాని జడ తీసి ముందుకు వేశాను.

డాక్టర్‌కి అర్థం కాలేదు. మా అమ్మాయి జడ వైపు చూసుకుంది, నా వైపు చూసింది. ఆయన మూడోసారి నొక్కాడు.

"అవ్వో!" అని అరిచింది.