బోర్లించిన చెంబు

మా మనవరాలు ప్రొద్దుటూరు ఇంట్లో అన్నం తినే బల్ల మీద సముద్రం పటం పరిచింది. అంచులు చుట్టుకుపోకుండా మూలకొక స్టీలు గ్లాసు పెట్టింది. నీలం కాగితం మీద ఎవరో ఆవాలు చల్లినట్టు దీవులు. లక్షద్వీప్ అట.

"ఈడ చూడు తాతా. ఈ దీవి చుట్టూ పగడపు గోడ ఉంటాది. లోపల నీళ్లు కదలకుండా గాజు మాదిరి ఉంటాయి. లగూన్ అంటారు."

"మడుగు అని చెప్పు. జమ్మలమడుగు పక్కన పుట్టినోనికి మడుగంటే ఏందో నువ్వు చెప్పాల్నా?"

"సరే, మడుగే. ఆ గోడకు కొట్టుకోని మునిగిన పాత ఓడ ఒకటి ఉండాది. దాంట్లోకి దిగి చూసేదానికి పోతాండాము."

"ఓడలో ఏముంది?"

"తుప్పు. చేపలు."

"తుప్పు చూసేదానికి కొచ్చికి పోయి, ఆడ ఒక ఓడెక్కి, ఇంకో ఓడ కాడికి పోయి మునగాల్నా? మన ఇంటి గేటుకు లేదా తుప్పు?"

అది పులివెందులలో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది. వరసగా సెలవులొచ్చినప్పుడల్లా తోటి ఉద్యోగులతో పాండిచ్చేరి పోయి, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో మునగడం నేర్చుకుంది. పాసైనట్టు కార్డు కూడా ఇచ్చారు. ఇప్పుడు ఈ ప్రయాణం. వాళ్లమ్మ, అంటే మా కూతురు, నాలుగు రోజులు దానితో వాదించి, చివరికి భారం నా మీదికి తోసింది. "నీళ్ల సంగతి మీ తాతకు తెలిసినంత మన ఇంట్లో ఎవరికీ తెల్దు. ఆయన పొమ్మంటే పో, వద్దంటే గమ్మునుండు" అంది.

నేను వద్దన్నాను. పిల్ల పటం చుట్టుకుని లోపలికి పోయింది. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నీళ్ల సంగతి నాకు తెలుసన్న మాట అబద్ధం కాదు. ఏళ్ల కిందట కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా ఒకాయన టీ అంగడి దగ్గర నవ్వుతూ అడిగాడు, "మీ సీమలో తాగడానికే నీళ్లుండవు కదా, మీకు ఈతెలా వస్తుందండీ?" అని. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. కాలువలో మోకాటి లోతున కాళ్లాడించి నేర్చుకున్నవాళ్లకు మా ఈత ఏం తెలుస్తుంది? మా బావిలో లోతు తక్కువ చోటనేదే లేదు. మొదటి అడుగే నిలువు లోతు. వీపుకు నీళ్లలో తేలే మునగ బెండ్లు కట్టి మా మామ నన్ను ఒక్క తోపు తోసేవాడు. రోజుకొక బెండు తీసేసేవాడు. చివరి బెండు తీసేసిన రోజు నాకు చెప్పనేలేదు. ఒడ్డుకొచ్చి వీపు తడుముకుంటే ఏమీ లేదు. గోడ రాళ్ల సందుల్లో పావురాలు, పైన కూర్చుని నవ్వుతున్న మామ.

తర్వాత నేనే ఊరికి బావిలో దిగేవాణ్ణయ్యాను. లోపలికి పోయేకొద్దీ నీళ్లు చల్లబడేవి, చెవులు నొక్కుకుపోయేవి. తల ఎత్తి చూస్తే బావి నోరు అన్నం పళ్లెమంత కనిపించేది. ఆ పళ్లెం అంచున ఆడవాళ్ల తలకాయలు. బురదలో కాలి వేళ్లతో వెతికి బిందెనో బొక్కెననో ఎత్తుకుని పైకొస్తే, వాళ్లు దాన్ని చూసేవాళ్లు గాని నన్ను చూసేవాళ్లు కాదు.

మాది గొర్రెలు మేపిన ఇల్లు. బడి మొహం చూసింది లేదు. ముద్దనూరు స్టేషను అవతల బీళ్లలో మందను వదిలి, ప్లాట్‌ఫారం మీది పేరు పలకను చూస్తూ అక్షరాలు పట్టుకున్నాను. పోర్టరు ఒకసారి చదివి వినిపించాడు. ఆ నాలుగక్షరాలతో మొదలుపెట్టి, పొట్లాల కాగితాలు చదివి, చివరికి జమ్మలమడుగు లైబ్రరీలో బీరువాలు ఖాళీ చేశాను. సముద్రాలన్నీ నేను ఆ బెంచీ మీద కూర్చుని చూసినవే.

నేను బావిలో దిగేది వేరే దారి లేనప్పుడే. ముందు పాతాళగరిగె వేసేవాళ్లు. ఇనుప కడియానికి వేలాడే కొక్కేల గుత్తి అది. తాడు కట్టి బావిలోకి వదిలి తిప్పితే, పడిపోయిన బిందె ఏదో ఒక కొక్కేనికి తగులుకునేది. ఊరంతటికీ ఒక్కటే ఉండేది, మా అమ్మ దగ్గర. దానికొక కట్టుబాటు. గరిగె అడగడానికి వచ్చినామె చేతిలో చెంబు ఉండాలి. ఆ చెంబును మా అరుగు మీద బోర్లించి గరిగె తీసుకుపోవాలి. గరిగె తిరిగొచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ ఆ చెంబును ముట్టకూడదు, కడగకూడదు, నిలబెట్టకూడదు. పెట్టిన చెయ్యే వచ్చి ఎత్తాలి. పొద్దున లేచి అరుగు చూస్తే ఎవరింటి బిందె బావిలో ఉందో తెలిసిపోయేది.

మా పక్కింటి వదిన చెంబు నెలకొకసారైనా అరుగు మీద ఉండేది. ఆమె చెయ్యి అంత జారుడు. "వదినా, నీ చెంబుకు మా అరుగే అత్తగారిల్లు" అంటే, "మీ అమ్మ ఉండబట్టి అబ్బీ, నువ్వొక్కనివే ఉంటే మీ ఇంట్లో బోర్లించేదానికి చెంబు గూడా దండగ" అనేది.

జలాశయం వస్తుంది, ఊరు ఖాళీ చేయాలన్నారు. సామాన్లు లారీలకు ఎక్కించే రోజుల్లోనే వదిన బిందె మళ్లీ బావిలో పడింది. అలవాటుగా చెంబు బోర్లించి గరిగె తీసుకుపోయింది. బిందె దొరకలేదు. గరిగె అడుగున పాత మోటారు ఇనుముకు చిక్కుకుంది, లాగితే తాడు తెగింది. అప్పటికి నాలో ఊపిరి మునుపటిలా లేదు. ఒకసారి దిగి సగంలోనే తిరిగొచ్చాను. లారీ హారను కొడుతూనే ఉంది. తర్వాత నీళ్లొచ్చాయి. బావి, బిందె, గరిగె, అరుగు అన్నీ వాటి కిందికి పోయాయి. చెంబు మాత్రం నా సామాన్లలో ప్రొద్దుటూరు వచ్చింది.

ఆ చెంబును సంచిలో పెట్టుకుని ఎన్నిసార్లో పునరావాస కాలనీకి పోయాను. వదిన తీసుకోదు.

"నీ గరిగె నీకియ్యకుండా నా చెంబు యా మొకం పెట్టుకోని ఎత్తాల అబ్బీ?"

"కొళాయిలొచ్చినాయి వదినా. గరిగెతో ఇంగ నాకేం పని?"

"కొళాయి లెక్క కొళాయిది. బావి లెక్క బావిది."

అందుకే అది మా కిటికీ అరలో బోర్లా ఉంది. ఇప్పుడా జలాశయం మీద రంగు పడవలు తిరుగుతున్నాయి. జనం జాకెట్లు తొడుక్కుని ఫోటోలు దిగుతున్నారు. గట్టు మీద నీటి మట్టం గీతలు గీశారు గాని, ఆ నీటి కింద ఏ ఊరుందో ఒక్క అక్షరం రాయలేదు. స్టేషను పలకలు చూసి చదువుకున్నవాణ్ణి, ఊరికి పలక లేకపోతే నాకెట్లా ఉంటుంది?

మనవరాలి ప్రయాణం నాకు కిట్టనిది అందుకే. మునిగినదాన్ని వేడుకగా చూడబోవడం నాకు ఒప్పలేదు. దానికి తోడు, దీవులకు పోవడానికి పోలీసు కాగితం కావాలని పిల్ల ముందే అర్జీ పెట్టిందట. విచారణకు కానిస్టేబులు ఇంటికొచ్చాడు.

"ఆ పాప ఎందుకు పోతాంది పెద్దాయనా?"

"మునిగేదానికి."

అతను రాయడం ఆపి నా మొహం చూశాడు. "అట్ల రాస్తే మా సారు నన్ను ముంచుతాడు. విహారయాత్ర అని రాస్తాండా."

ఓడ ఒకటి చూసి రావడానికి ఇన్ని విచారణలు! డాక్టరు చెవులు చూడాలి, గుండె చూడాలి, పోలీసు ఇల్లు చూడాలి. మా ఊరు మునిగేటప్పుడు మా గుండె ఎట్లుందని ఎవడైనా వచ్చి చూశాడా? అని అరిచాను. పాపం, అతను టీ కూడా తాగకుండా పోయాడు.

ఆ ఆదివారం పిల్లే నన్ను స్కూటరు మీద వదిన దగ్గరికి తీసుకుపోయింది. చెంబు సంచి నా ఒళ్లోనే ఉంది. వదిన దాన్ని చూడనట్టే చూసి, "తెచ్చినావా? మళ్లా తీస్కపో" అని, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. పిల్ల తన ఓడ కత మొత్తం చెప్పింది. ఇద్దరిద్దరు జతగా దిగుతారట, జత విడవరాదట. ఓడ లోపలికి పోయేటప్పుడు బయట తాడు కట్టి, దాన్ని వదులుకుంటూ పోతారట, వెనక్కు రావడానికి.

"తాడు కడతారా? అయితే మేలే" అంది వదిన. "ఆడి నుంచి ఏం తెస్తావు?"

"ఏం తేకూడదు అవ్వా. ముట్టుకోను గూడా ముట్టుకోకూడదు."

"తేకుండా వచ్చేదానికి దిగేదెందుకే?"

"ఎట్లుందో చూసొచ్చేదానికి."

కాలనీ కొళాయి దగ్గర ఎవరో బకెట్టు నింపుతున్నారు, వదిన ఆ చప్పుడే వింటూ కూర్చుంది. తర్వాత పిల్ల మోకాలి మీద చెయ్యి వేసి అడిగింది.

"మన బావిలోకి గూడా అట్ల దిగొచ్చునా?"

"ఆడ దిగనియ్యరు అవ్వా. నీళ్లు గూడా బురద, ఏం కనపడదు."

"కనపడకపోతే పోనీ. ఎవరన్నా పోయొచ్చి, బావి ఆడనే ఉండాది, గరిగె ఆడనే ఉండాది అని ఒక్క మాట చెప్తే నాకు చాలు. తీసేదేం వద్దు." నా వైపు తిరిగింది. "ఆ ఓడ గూడా ఎవరిదో ఒకరిదే గదా అబ్బీ. వాళ్లకు చెప్పేవాళ్లు వద్దా? పిల్లను పోనీ."

"ఏమన్నా అయితే?"

"నువ్వు బావిలో దిగినప్పుడల్లా మీ అమ్మ కళ్లు మూసుకోని కూర్చునేది. ఒక్కసారన్నా వద్దనిందా?"

వదినే మళ్లీ అంది, "ఊరికే పంపొద్దులే. కుదువ పెట్టించుకో. మీ ఇంటి మర్యాదే గదా అది."

పిల్ల నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. పొమ్మన్నాను.

బయలుదేరే రోజు పొద్దున, పటం మూలన పెట్టిన గ్లాసుల్లో తను ఇంటికొచ్చినప్పుడల్లా కాఫీ తాగే గ్లాసును కడిగి తుడిచి తెచ్చింది. కిటికీ అరలో వదిన చెంబు పక్కన బోర్లించింది. "ఎవరూ ఎత్తొద్దండి" అని వాళ్లమ్మతో చెప్పి, సంచి భుజానికి వేసుకుని బస్టాండుకు పోయింది.

ఆ దీవుల దగ్గర ఫోను సరిగా కలవదని ముందే చెప్పింది. నిన్న ఇంటికి చుట్టాలొచ్చారు, గ్లాసులు చాలక మా కూతురు ఆ అర వైపు చెయ్యి చాపింది. నేను అరిచిన అరుపుకు చుట్టాలు లేచి నిలబడ్డారు. వాళ్లలో ఒకాయన ఇత్తడి గిన్నెలో కాఫీ తాగిపోయాడు.

ఈ పొద్దు వదిన ఫోను చేసింది.

"పిల్ల వచ్చిందా?"

"ఇంగా రాలే."

"గ్లాసు?"

"పెట్టింది పెట్టినట్టే ఉండాది."

"నా చెంబు?"

"దాని పక్కనే."

"ఉండనీ" అంది వదిన. "రెండూ ఉండనీ."