ముందు సీటు లెక్క

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే నన్ను పళ్ళూడిన ముసలివాడని అనుకోకండి. నా ఆ రోజులు మొన్నమొన్నటివే. నెత్తి నిండా జుట్టు, నోటి నిండా ఇంగ్లీషు ముక్కలు, మెడలో టై, ఈ మూడూ ఉన్న రోజులు. (ఇప్పుడు టై ఒక్కటే మిగిలింది.) కోలారు ఊరి బయట తమక అనే చోట, కార్లు అమ్మే ఒక షోరూములో కొత్తగా చేరాను. ముందర అద్దాల గదిలో కొత్త బండ్లు, వెనక రేకుల షెడ్డులో పాతవి. మా వైపు పెళ్ళికైనా, తిరుపతికైనా, ఆస్పత్రికైనా జనం ఎక్కేది ఒకటే రకం బండి, ఇంటిల్లిపాదీ పట్టే వ్యాను. దాని పాత మోడలుకీ కొత్త మోడలుకీ ఉన్న తేడాలు నేను ఎక్కాల్లాగా బట్టీ పట్టాను. పాతదానిలో ఇంజను ముందు సీటు కింద, కొత్తదానిలో ముక్కులో. పాతదానికి చల్లగాలంటే కిటికీ, కొత్తదానికి మీట. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేవాణ్ణి. దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే, ఏ మోడలుతో ఇస్తారండీ అని ఎకసెక్కంగా నవ్వేవాణ్ణి. అంత తెలివైనవాణ్ణి కనకనే నా మొదటి బేరం మా గంట మామతో తగిలింది.

గంట మామ అంటే మా అమ్మకు అన్న. కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడేదాకా ఆయన పని గని నోటి దగ్గర గంట కొట్టడం. మనుషుల్ని లోపలికి దించే ఇనప బోనులో ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టి, లెక్క కుదిరితేనే గంట కొట్టాలి. అప్పుడే బోను కదులుతుంది. పైకొచ్చాక మళ్ళీ లెక్క. "ఎక్కినోళ్ళు ఎంతమందో దిగినోళ్ళూ అంతమందే ఉండల్ల. లెక్క తప్పితే గంట కొట్టేది లేదు. దొరైనా సరే, దేవుడైనా సరే" అనేవాడు. గని మూసేశాక ఒక పాత డబ్బా వ్యాను కొని, గని కాలనీ నుంచి బంగారుపేట స్టేషనుకు రైలు జనాన్ని తోలేవాడు. గంట పోయింది గాని లెక్క పోలేదు. బండి కదిలే ముందు వెనక్కి తిరిగి ఒక్కొక్కరి మీదా వేలు ఆడించి, పైకి లెక్కపెట్టి, స్టీరింగు మీద రెండుసార్లు టకటకమని కొట్టి అప్పుడు గేరు వేసేవాడు. అందరం నవ్వుకునేవాళ్ళం.

మా అత్త పోయిన తర్వాత ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అప్పటి నుంచి మామ లెక్కలో ఒకరు ఎక్కువ వచ్చేవారు. వెనక మేం ముగ్గురం కూర్చుంటే, తనతో నలుగురు కావాలి కదా, ఆయన "అయిదు" అని టకటక కొట్టి బండి కదిలించేవాడు. ముందు ఎడమ సీటు ఖాళీగా ఉండేది. రైలు జనం మెట్టు మీద వేలాడినా ఆ సీట్లోకి ఎవర్నీ ఎక్కనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను, "మామా, మనం నలుగురమే" అన్నాను. మా అమ్మ నా తొడ మీద గిల్లి, "సుమ్నె ఉండు, నోరెత్తొద్దు" అంది. మామ మాత్రం కోప్పడకుండా, "చెయ్యి పెట్టి చూడప్పా" అన్నాడు. పెట్టాను. ఆ సీటు వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు. ఇంజను దాని కిందే ఉంటుంది కదా, వేడెక్కక ఏం చేస్తుంది? ఆ మాటే నాకు నేను చెప్పుకొని, చెయ్యి గబుక్కున తీసేశాను. ఇంకొకటి కూడా ఉంది. గని మట్టి పోసిన సయనైడు దిబ్బ పక్కన రోడ్డు తిరిగే మలుపులో ఆ సీటు ముందున్న డబ్బీ మూత దానంతట అదే తెరుచుకునేది. లోపల అత్త పెట్టుకున్న సోంపు పొట్లం కనబడేది. గొళ్ళెం లూజు అయింది, అక్కడ గుంత ఉంది, అంతే. కాని ఊళ్ళో అన్ని గుంతలుండగా ఆ ఒక్క గుంతకే ఎందుకు తెరుచుకునేదో నేను ఎవర్నీ అడగలేదు.

ఇట్లా ఉండగా, నంగలిలో కాపురం ఉన్న మామ కూతురు, మా వదిన, నాకు ఫోను చేసింది. ముందటి వారం ఆ డబ్బా వ్యాను బ్రేకు పట్టక మామిడితోట గట్టు ఎక్కిందట. "ఇంగ ఆ బండిలో నా పిలకాయల్ని ఎక్కించను. నాయనకి చెప్పేసినాను. కొత్తది తీసుకుంటేనే పిలకాయలు కేజీఎఫ్‌కి వచ్చేది. నువ్వే ఒప్పించల్లప్పా" అంది. మామకు మనవళ్ళంటే ప్రాణం. పాత బండంటే అంతకంటే ఎక్కువ ప్రాణం. నాకేమో మొదటి బేరం. ఇంకేం, రమ్మన్నాను.

మామ తమకకు వచ్చాడు. ముందు రేకుల షెడ్డులోకి తీసుకుపోయాను. ఒకరు వాడి అమ్మేసినవే అయినా తళతళలాడే వ్యాన్లు వరసగా ఉన్నాయి. మామ ఒక్కొక్కదాని అద్దానికి ముఖం ఆనించి, లోపలికి తొంగిచూసి, వెనక్కి తగ్గుతూ వచ్చాడు. "దీంట్లో ఎవురు తిరగతా ఉండినారు?" అన్నాడు. ఎవరో ముళబాగిలు పట్టుగూళ్ళ వ్యాపారి అన్నాను. "ఆయప్ప ఇంగా బతికుండాడా?" అన్నాడు. నాకు తెలీదన్నాను. "వద్దురా. సెకండ్ హ్యాండ్ బండంటే లోపల ఎవురెవురు కూచోనుండారో ఏమో. మీ అత్తకి తెలీనోళ్ళతో సర్దుకునేది చాతకాదు" అన్నాడు. ఆ మధ్యాహ్నపు ఎండలో, వేడెక్కిన రేకుల కింద, నేనూ ఒక అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూశాను. అంత ఖాళీ బండ్లు ఒక్కచోట అంత నిశ్శబ్దంగా ఉండటం అంతకుముందు నేను గమనించలేదు.

అద్దాల గదిలో కొత్త మోడలు చూపించి నా ఎక్కాలు మొత్తం అప్పజెప్పాను. మామ వినలేదు. తిన్నగా ముందు ఎడమ తలుపు తెరిచి సీటు మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అట్లాగే ఉంచాడు. "సల్లగా ఉండాది" అన్నాడు. ఇంజను ముక్కులో ఉంటుంది మామా అని నేను గర్వంగా చెప్పాను. (గొప్ప అమ్మకందారుణ్ణి.) ఆయన ముఖం చూస్తే నా గర్వం నాకే సిగ్గేసింది. "రేపు పొద్దున ఇంటికాడికి తీసుకోనిరా. ఆమె ఎక్కుతాదో లేదో చూస్తాం. ఎక్కకపోతే నాకీ బండి వద్దు" అన్నాడు. మైలేజీ అడిగేవాళ్ళను చూశాను, రంగు చూసి పోయేవాళ్ళను చూశాను, పోయిన భార్య ఎక్కుతుందా లేదా అని బండి నడిపి చూసేవాణ్ణి మాత్రం మొదటిసారి చూశాను.

మర్నాడు కేజీఎఫ్‌లో మంచు దట్టంగా ఉంది. మామ అప్పటికే వాకిట్లో నిలబడి ఉన్నాడు, ఉతికిన చొక్కాతో, పెళ్ళిచూపులకు పోయేవాడిలాగా. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ఆయన ఎడమ తలుపు తెరిచి పట్టుకొని నిలబడ్డాడు. "ఏమ్మే, ఎక్కు. కొత్తది" అన్నాడు నెమ్మదిగా. కొంతసేపు ఆగి, తలుపు మూసి, తన సీట్లోకి వచ్చి వెనక్కి తిరిగాడు. వేలు నా మీద ఆడింది. ఖాళీ సీటు దగ్గర ఆగింది. "ఇద్దరం" అన్నాడు. స్టీరింగు మీద టకటక కొట్టలేదు. "రాలేదురా" అన్నాడు. అప్పటికి అది నాకు నవ్వులాటగా ఉండాల్సింది. ఉండలేదు. "ఒక్క రౌండు పోయొద్దాం మామా" అని బతిమాలాను. అద్దానికి మంచు పట్టేసరికి మీట తిప్పి వేడిగాలి పెట్టించాను.

బండి సయనైడు దిబ్బ వెంబడి పోయింది. గని లోంచి తీసిన మట్టి కొండలాగా పేరుకున్న ఆ తెల్లటి దిబ్బ ఆ పొద్దు మంచులో కలిసిపోయింది. ఎక్కడ దిబ్బ ముగుస్తుందో, ఎక్కడ ఆకాశం మొదలవుతుందో తెలియలేదు. మామ రోడ్డు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఆయన ఆ రోజు గురించి ఎవరికీ చెప్పలేదు. "ఆ పొద్దు మీ అత్తకి ఎదలో నొప్పి అంటే కోలారు ఆస్పత్రికి తీసకపోతా ఉండినా. ఈ మలుపుకాడ డబ్బీ తెరిచి సోంపు నోట్లో ఏసుకొనింది. ఆ తరవాత ఇంగ మాట్లాడలే. నిద్ర పోయిందిలే అనుకొని నేనే మాట్లాడతా పోయినా. ఆస్పత్రికాడ నేను లోపలికి పోయి చీటీ రాయించుకోనొచ్చే లోపల ఎవురో ఆమెను దించి లోపలికి తీసకపోయినారు." గేరు మార్చాడు. "ఎక్కేటప్పుడు నేను లెక్క పెట్టినానప్పా. దిగేటప్పుడు పెట్టలే. లెక్క సరిపోలేదంటే ఆమె ఇంగా లోపలే ఉండల్ల కదా." గని దగ్గర జీవితమంతా నిలబడ్డ మనిషికి అంతకంటే సులువైన లెక్క ఇంకొకటి లేదని నాకు అప్పుడు అర్థమయింది.

మలుపు వచ్చింది. బండిలో ఎక్కడో టింగ్ మంది. ఆగి, మళ్ళీ టింగ్ మంది. తర్వాత ఆగకుండా మోగసాగింది. మామ ముందర ఒక చిన్న ఎర్రదీపం వెలిగింది. "ఏందిరా ఆ సౌండు?" అన్నాడు. నా నోరు ఎక్కాలు అప్పజెప్పే నోరు కదా, దానంతట అదే చెప్పేసింది. "కొత్త మోడల్లో ఇదొక సౌకర్యం మామా, ముందు సీట్లో మనిషి కూర్చొని బెల్టు పెట్టుకోకపోతే" అని, అక్కడ ఆగిపోయాను. మిగతా సగం వాక్యం ఇప్పటికీ నా నోట్లోనే ఉంది.

మామ బండి ఆపాడు. ఎడమవైపు తల తిప్పలేదు. "సీటు పైన నువ్వేమన్నా పెట్టినావా?" అన్నాడు. నా సంచి నా ఒళ్ళోనే ఉంది. లేదన్నాను. "అయితే బెల్టు ఏసెయ్ రా ఆమెకి. పాత బండిలో అది లేదు కదా, ఆమెకి అలవాటు లేదు" అన్నాడు. వెనక నుంచి చెయ్యి చాచి, బెల్టు లాగి, కొక్కేనికి తగిలించాను. మోత ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకునేటప్పుడు మణికట్టు సీటుకు తగిలింది. వెచ్చగా ఉంది. వేడిగాలి పెట్టించాను కదా, అదే అయి ఉంటుంది. అదే అయి ఉంటుందని అప్పటి నుంచి చెప్పుకుంటూనే ఉన్నాను. మామ వెనక్కి తిరిగి లెక్కపెట్టాడు. "ముగ్గురం" అన్నాడు. స్టీరింగు మీద టకటక కొట్టి, కళ్ళు తుడుచుకొని, గేరు వేశాడు.

బేరం కుదిరింది. మా షోరూము మెకానిక్కు ఆ సీటు విప్పి చూసి, లోపం ఏమీ లేదు, మంచుకు తేమ పట్టిందేమో అన్నాడు. ఆ తర్వాత ఆ బండి ఎప్పుడూ అట్లా మోగలేదు. మోగే వీలు కూడా లేదు, ఎక్కగానే మామ మొదట ఎడమవైపు బెల్టు తగిలించేవాడు. వదిన పిల్లలు సెలవులకు రావడం మొదలైంది. వాళ్ళూ తాతతో కలిసి లెక్కపెట్టేవాళ్ళు, ఒకటి కలుపుకొని. మార్పిడికి వచ్చిన డబ్బా వ్యాను రేకుల షెడ్డులో చివర నిలబడింది. ఒకరోజు ఎవరూ చూడకుండా పోయి ముందు సీటు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

ఇప్పుడు దాని తర్వాతి మోడలు వచ్చింది. ఇందులో మోత కాదు, ముందర టీవీలాగా ఒక తెర. బండి బొమ్మ, అందులో సీట్ల బొమ్మలు. మనిషి ఉన్న సీటు పచ్చగా వెలుగుతుంది. పాత బండి ఏమీ చెప్పేది కాదు, తర్వాతది అరిచి చెప్పింది, ఇది బొమ్మ గీసి చూపిస్తుంది. షోరూము ఇప్పుడు నా చేతి కింద నడుస్తోంది కాబట్టి, పొట్ట సర్దుకొని నేనే దాన్ని మామ దగ్గరికి తీసుకుపోయాను. కంటి ఆపరేషను అయి ఆయన స్టీరింగు వదిలేశాడు. తెర గురించి చెప్పి మీట నొక్కబోతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. "వద్దురా. దాంట్లో లేదని చూపిస్తే నేనేం చేసేది?" అన్నాడు. మీట మీంచి వేలు తీసేశాను. ఆయనే తేరుకుని, "అయినా మీ అత్తకి కొత్త బండంటే ఆశ. నువ్వొక రౌండు తిప్పుకోని రా. నేను ఈడనే ఉంటాను" అన్నాడు. ఎడమ తలుపు తెరిచాడు, ఆగాడు, బెల్టు తగిలించాడు, బానెట్టు మీద టకటక కొట్టాడు.

ఒక్కణ్ణే బయలుదేరాను. ఒక్కణ్ణే అని రాయడానికి కలం కొంచెం ఆగింది. వీధి మలుపు తిరగ్గానే తెర దానంతట అదే వెలగబోతుంటే జేబులోంచి కర్చీఫు తీసి దాని మీద కప్పాను. నేను, ఇంటింటికీ పోయి ఆ తెర గొప్పలు చెప్పేవాణ్ణి. దిబ్బ దగ్గరికి వచ్చేసరికి బండిలో నిశ్శబ్దం భరించలేక, "అత్తా, దీనికి గాలి వెనక్కి కూడా వస్తుంది" అని మొదలుపెట్టాను. మైలేజీ చెప్పాను. ఎక్కాలన్నీ చెప్పాను. మలుపులో కర్చీఫు అంచు కింద ఏదో వెలుతురు మారినట్టయింది. ఒక్క వేలితో ఎత్తి చూడొచ్చు. ఎత్తలేదు. కొంచెం వేగం పెంచాను.

తిరిగొచ్చేసరికి మామ అదే చోట నిలబడి ఉన్నాడు. నేను దిగాను. "ఒకటి" అన్నాడు. ఎడమ తలుపు తెరిచి, బెల్టు విప్పి, పక్కకు జరిగి, చెయ్యి అందించి నిలబడ్డాడు. ఎంతసేపో నాకు తెలీదు. "రెండు" అన్నాడు. తలుపు మెల్లగా మూసి, బానెట్టు మీద ఒక్కసారి కొట్టాడు. "దిగినోళ్ళు సరిపోయినారప్పా" అన్నాడు. ఆయన ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. గుమ్మం దాకా పోయాక వెనక్కి తిరిగి, "మలుపుకాడ కొంచెం స్పీడుగా తోలినావంట, చూసుకోని తోలు" అన్నాడు.

ఇప్పుడు షోరూములో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు నేనొక వేడుక. కొనడానికి వచ్చినవాళ్ళకు బండి చూపించేటప్పుడు ఎడమ తలుపు తెరిచి, ఎవరూ ఎక్కకపోయినా, ఒక్క క్షణం ఆగి మూస్తానట. వెనక నిలబడి ముసిముసిగా నవ్వుకుంటారు, నాకు తెలుసు. ఆ రోజుల్లో నేనూ అట్లాగే నవ్వేవాణ్ణి, నెత్తిన జుట్టున్నప్పుడు.