జీడిపప్పు బుట్ట గీత

పలాస స్టేషన్‌లో రైలు దిగగానే కాలిన జీడితొక్కల పొగ ముక్కుకు తగిలింది. ఆ ఘాటుకు చాలామంది కొంగులు, రుమాళ్లు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం వరలక్ష్మి మేడం గుర్తొస్తారు. ఆవిడ టెక్కలిలో మా ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు, సిగ్నల్స్ చెప్పేవారు. కంచిలి వైపు కొబ్బరి రైతు కూతురు. ఇంగ్లిషులో మొదలుపెట్టిన పాఠం, మా మొహాలు చూడగానే ఊరి మాటలోకి దిగిపోయేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. ఆ పేపరు నేను ఒకసారి తప్పాను. సప్లిమెంటరీలోనూ పోతే చదువు మాన్పించి, జీడి ఫ్యాక్టరీలో అమ్మ పక్కన కూర్చోబెడతానని నాన్న ఖరాఖండిగా చెప్పేశాడు. అప్పటికే సెలవుల్లో అమ్మతో కలిసి జీడిగింజలు కొట్టేదాన్ని. ఎంత బూడిద రాసుకున్నా జీడినూనె వేళ్లకు నల్లగా పట్టేసేది. క్లాసులో చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. పాఠం రాకపోవడం కంటే ఆ మరకలు కనబడతాయన్న సిగ్గే ఎక్కువ.

తప్పినవాళ్లకు సప్లిమెంటరీ ముందు పెట్టిన క్లాసులో ఒకరోజు మేడం నా బల్ల దగ్గర ఆగారు.

"సేతులు దాత్తన్నావేటే? బయటెట్టు."

పెట్టాను. చూసి, "మీ యమ్మ పనికి ఎన్నింటికి కూకుంటాది?" అన్నారు.

"ఎనిమిదికండీ."

బోర్డు మీద గీత గీశారు. ఎనిమిది దాకా సున్నా. ఎనిమిదికి టక్కున ఒకటి, ఆపైన తిన్నగా అలాగే. "పని నేదు, పనుంది. స్టెప్ అంటే ఇంతే." దాని కింద ఏటవాలుగా పైకి ఇంకో గీత. "బుట్టలో పప్పు పెరగతాది సూడు, అది రేంప్." అమ్మ మూడు గంటలు ఆలస్యంగా వెళ్తే రెండు గీతలూ పదకొండుకు మొదలవుతాయి. టి అంటే ఎనిమిది నుంచి లెక్కపెట్టిన గంటలు అనుకుంటే, సూత్రంలో దాన్నే టి మైనస్ మూడు అని రాస్తారు. ఆ మైనస్ చూసి గీతను ఎడమకు జరపడమే పరీక్షలో నేను చేసిన తప్పు. ఆలస్యంగా వచ్చినదాని బుట్ట ముందే ఎలా నిండుతుంది? నా తెలివికి నాకే నవ్వొచ్చింది.

తర్వాత మేడం భోజనాల గంట గీశారు. పని గీతను సున్నాకు దించారు. అదే ఊపులో బుట్ట గీతనూ సున్నాకు దించేశారు. నా నోరు ఆగలేదు.

"అలగ కాదు మేడం. అన్నానికి లెగిత్తే బుట్ట కాళీ అయిపోద్దేటండీ? ఉన్నకాడే ఉంటాది."

మేడం బోర్డు చూసుకుని, "తప్పు నాదే. నువ్వొచ్చి గియ్యి" అని చాక్‌పీసు చేతిలో పెట్టారు. నల్లటి వేళ్లతో, అందరి ముందూ, అడ్డంగా తిన్నగా గీశాను. భోజనమయ్యాక అక్కడి నుంచే మళ్లీ పైకి. ఆ రోజు నా చేతులు బల్ల కిందకు పోలేదు.

సప్లిమెంటరీలో, మధ్యలో ఆగి మళ్లీ మొదలయ్యే సిగ్నల్ ఒకటి ఇచ్చి, ఎప్పటికప్పుడు పోగైన మొత్తం గీయమన్నారు. ఆగకుండా గీసేశాను. పాసైన రోజు అమ్మ అడిగింది.

"ఏటడిగారే పరీచ్చలో?"

"నీ బుట్టేనమ్మా."

"ఎటకారాలాడకు" అంటూనే ఫ్యాక్టరీలో ఆడవాళ్లందరికీ చెప్పుకుంది.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతాను. వేళ్ల మరకలు ఎప్పుడో పోయాయి. బోర్డు మీద పొరపాటు పడితే "తప్పు నాదే" అని చాక్‌పీసు పిల్లలకు ఇచ్చేయడం మేడం దగ్గర నేర్చుకున్నదే. స్టెప్ సిగ్నల్ మొదలుపెట్టే రోజున మాత్రం ముందు బోర్డు మీద మా అమ్మ పేరు రాస్తాను, ఆ కిందే పని గీత, దాని కింద బుట్ట గీత గీస్తాను.