దుంకే జాగ

తార్నాకలో పైపుల కోసం రోడ్డు తవ్విన చోట జెండాలు పట్టుకొని బండ్లను ఆపే ఆమెను మేమంతా జెండా అక్క అనేవాళ్లం. రోజూ పని మొదలుపెట్టే ముందు ఆమె ఫుట్‌పాత్ మీదికి ఒక్క గెంతు గెంతి, మళ్లీ వచ్చి తన చోట నిలబడేది. యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వెళ్తూ అది చూసి నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

అంతలో శిక్షణ కార్డు లేనివాళ్లు జెండా పట్టకూడదని కొత్త నిబంధన వచ్చింది. క్లాసులు మా క్యాంపస్‌లోనే, పాఠం చెప్పేది నేనే. మొదటి రోజు పుస్తకం తెరవకముందే, "రోడ్డు మీద నిలబడగానే మొదట ఏం చూస్తారు?" అని అడిగాను. అందరూ బండ్లే అన్నారు. అక్క మాత్రం కొంగు నలుపుకుంటూ లేచింది.

"నాకు చదువు రాదు సార్. తప్పు చెప్తే కార్డు ఇయ్యరా ఏంది? నేనైతే మొదలు దుంకే జాగ చూసుకుంట. బ్రేకులు పడని బండిని జెండా ఆపుతదా?"

పుస్తకం తెరిచాను. మొదటి పాఠం అదే. ఆ రోజు నా కంటే ఆమే ఎక్కువ చెప్పింది.

వారం తర్వాత తార్నాకలో ఆమె మెడలో కొత్త కార్డు చూసి, ఫుట్‌పాత్ మీద ఆగి అభినందించాను. అక్క నవ్వలేదు.

"సార్, జర జరుగుండ్రి. నేను దుంకే జాగల నిలబడ్డరు."