కొసరు తగ్గించిన పంపు

కొసరు అడగని మనిషి మా అంగడి గడప ఎక్కింది లేదు. తమిళనాడు కృష్ణగిరిలో మాది చింతపండు, బెల్లం వ్యాపారం. తూకం అయినాక ఇంకో చిటికెడు పండు వేస్తే గానీ సంచి మూతి కట్టనిచ్చేవాళ్లు కారు. మేమేం తక్కువ తిన్నామా? పక్క అంగట్లో ఉప్పు కొన్నా కొసరు లేకుండా నేను ఇల్లు చేరింది లేదు. అందుకే నాయనకి గుండెపోటు వచ్చి హోసూరు ఆసుపత్రిలో చేర్చినప్పుడు, మంచం పక్కన పెట్టిన పంపు సంగతి నాకు చప్పున అర్థమైపోయింది. అర్థమైందనే అనుకున్నాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా చేతుల్లోకి వస్తున్న కాలం. నాయన తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పోయింది. దాని కొసన ఒక బుడగ. గుండె ఒకసారి కొట్టుకోగానే బుడగ ఉబ్బుతుంది, మళ్లీ కొట్టుకునే ముందు ముడుచుకుంటుంది. తెర మీద గీత ఒక గుట్ట ఎక్కి, కొంచెం దిగి, వెంటనే ఇంకో గుట్ట ఎక్కుతుంది.

"మొదటిది మీ నాయన గుండెది, రెండోది పంపుది" అని చెప్పింది డాక్టరమ్మ. ఆమెది చిత్తూరు పక్క, మా మాటే.

మొదటిది తూకం, రెండోది కొసరు. కొసరే ఎత్తుగా ఉండింది. ఇట్లాంటి అంగడి నేను యాడా చూడలేదు.

ఒక పొద్దున కాఫీ తాగి వచ్చి చూస్తే కొసరు గుట్ట ఒకటి విడిచి ఒకటి వస్తా ఉంది. నాయన కళ్లు మూసుకొని పడుకున్నాడు. తలుపు దగ్గర స్ట్రెచర్ మీద ఊత్తంగరై నుంచి తెచ్చిన ముసలాయన ఎగరొప్పుతున్నాడు. "ఉండేది ఒక పంపే కదా" అని నర్సు ఎవరితోనో అంటా ఉంది. అంతే, నా లెక్క నేను వేసేసినాను.

"ఏం డాక్టరమ్మా, సగం కోసేసినారు?"

"తగ్గించినామప్పా. గుండె రెండుసార్లు కొట్టుకుంటే ఒకసారి సాయం."

"బయట ఇంకో పార్టీ వచ్చిందనా?"

ఆమె తలుపు వైపు చూసింది. "వచ్చింది నిజమే. పంపు ఒకటే ఉండేది, అదీ నిజమే. దాని కోసం తగ్గించలేదు."

'దాని కోసం కాదు' అన్నవాడు దాని కోసమే అంటున్నాడని మా ఇంట్లో పాలు తాగే బిడ్డకి కూడా తెలుసు.

"పోనీ, మూడుసార్లకి రెండు ఇయ్యండి. మీకూ వద్దు, మాకూ వద్దు, మధ్యస్తంగా పోదాం."

"మిషన్లో ఆ బేరం లేదప్పా" అంది. నర్సు మొహం అటు తిప్పుకుంది, నవ్వడానికే.

డాక్టరమ్మ నాయన కాళ్ల మీది దుప్పటి తీసి, "రెండు పాదాలూ పట్టుకొని చూడు" అంది. ఒకటి వెచ్చగా ఉంది. గొట్టం పోయిన కాలు మాత్రం రాత్రంతా బయట పెట్టిన చెంబు మాదిరి చల్లగా, పాలిపోయి ఉంది.

"గొట్టం ఈ కాలికి పోయే రక్తానికి అడ్డం పడుతోంది. ఎక్కువ కాలం ఉంచితే కాలు దక్కదు. గుండె నిలదొక్కుకోక ముందే తీస్తే మనిషే దక్కడు. ఎప్పుడు తీయాలో, సాయం తగ్గిస్తా ఆ గీతను చూసే తెలుసుకోవాల."

"అయితే నా ముందరే చూడండి" అన్నాను. అదీ అంగడి మాటే.

ఆమె విసుక్కోలేదు. పంపు సాయం లేని చోట వేలు పెట్టింది. "నువ్వు కొసరునే చూస్తా ఉన్నావు. దీన్ని చూడు. వట్టి గుండె తోసిన గుట్ట ఇది. ఎత్తు తగ్గుతోందా?"

అన్నాళ్లూ దాని మొహమే నేను చూడలేదు. ఇప్పుడు చూసినాను. తగ్గలేదు. ఆమె మూడుసార్లకి ఒకసారికి దించింది. తక్కెడ మీద వేలు నొక్కే వాళ్లని కనిపెట్టినట్టు ఆమె చేతినే చూస్తా నిలబడినాను. చేయి మిషను మీద లేదు. గుట్టలు నిలబడే ఉన్నాయి. నాయనకి ఆయాసం రాలేదు. మంచం కింద సంచిలోకి మూత్రం బాగానే పడుతోందని, ఒంటికి రక్తం అందుతున్న గుర్తు అదేనని చెప్పింది. నమ్మక, వంగి ఆ సంచి కూడా చూసి వచ్చినాను.

ఇంకొంతసేపు చూసి గొట్టం తీసేసి, రక్తం కారకుండా తొడ మీద చాలాసేపు అదిమిపట్టినారు. ఆ కాలు కదిలించొద్దని నాయనకి చెప్పినారు. పంపు చక్రాల మీద దొర్లుకుంటా నేరుగా ఊత్తంగరై ముసలాయన మంచం దగ్గరికే పోయింది.

చూసినావా, నేను అనుకున్నదే! కానీ ఇక్కడ తెర మీద నాయన గుట్టలు ఒంటరిగా, వరసగా వస్తానే ఉన్నాయి. నా అనుమానం గెలిచిందో ఓడిందో తెలియలేదు. ఆ ముసలాయన కొడుకు నన్ను చూసి, మిషను మంచిదేనా అని తమిళంలో అడిగినాడు. మంచిదే, కానీ తగ్గించేటప్పుడు పక్కనే నిలబడు అన్నాను.

వచ్చి నాయన చల్లబడిన పాదం పట్టుకొని కూర్చున్నాను. వేళ్లు, మడమ, అరికాలు, ఒక్కొక్కటీ తడిమి చూస్తా ఉన్నాను. వెచ్చబడుతోందా, నా చేతి వేడి అంటుకుంటోందా అని మళ్లీ అనుమానం. చేయి తీసి, కాసేపు ఆగి, మళ్లీ పట్టుకున్నాను.

నాయన కాలు వెనక్కి లాక్కోబోయి, కదలకూడదని గుర్తొచ్చి ఆగినాడు.

"వదలరా నా కాలు. కితకితలు పుడతా ఉన్నాయి."