రేకు తేలిన తలుపు

రత్నమాణిక్యం మాస్టారికి ఒక్కటే జబ్బు. రంగు వేసిన వస్తువు కనిపిస్తే కళ్ళు మూసుకుని దాన్ని అరచేత్తో నిమిరేవారు. నిమిరి, "ఇక్కడో చెయ్యి పడాలండీ" అనేవారు. ఆ మాట అన్నాక ఆ వస్తువు యజమానిని దేవుడే కాపాడాలి.

ఆయన ఏలూరు మిషను బడిలో డ్రాయింగు మాస్టారు. స్వదేశం వెళ్ళిపోతున్న దొరగారి పాత కారు ఒకటి కొని, పెరట్లో దిమ్మల మీద నిలబెట్టుకున్నారు. దానికి ఇంజనుందో లేదో ఆయన ఏనాడూ చూడలేదు. పైన రంగుంది, అది చాలు. కొల్లేటి జాలరులు వలలకు కట్టుకునే జీలుగు బెండు ముక్కకి మద్రాసు నుంచి తెప్పించిన ఉప్పుకాగితం చుట్టి, సబ్బునీళ్ళలో ముంచి, తడి తడిగా రుద్దేవారు. మళ్ళీ రంగు, మళ్ళీ రుద్దుడు. ఆ కారు మీద వాలిన ఈగ కాలు జారి కింద పడేదని వీధి వీధంతా ప్రమాణం చేసి చెప్పేది.

కారుతో ఆగితే బాగానే ఉండును. గుళ్ళో ప్రసంగ బల్లని నునుపు చేస్తే, పాదిరిగారి కాగితాలు సగం ప్రసంగంలో జారిపోయి సంఘమంతా వేళకి ముందే ఇంటికెళ్ళింది. ఇంట్లో బీరువాని పట్టుకుంటే బల్లులు దాని మీద నిలవలేక పొరుగింటికి కాపురం మార్చాయి. ఆయన భార్య దానమ్మగారు కొత్త ట్రంకుపెట్టె కొంటే, ఆయన నిద్రపోయే దాకా దాని మీద తనే కూర్చునేవారు.

అయితే ఆ చెయ్యి మామూలు చెయ్యి కాదు. ఎంత రుద్దినా పైపొర గరుకే పోవాలి, కింద ఇనుము కనపడకూడదు. "రేకు తేలిందంటే అది చెయ్యి కాదండీ, రంపం" అనేవారు. ఆయన జన్మలో ఎక్కడా రేకు తేలలేదు.

ఒకనాడు కోర్టు వేళకి ఆ ఇంటి ముందు ఆకుపచ్చ కారొకటి ఆగింది. దెందులూరు వైపు భూస్వామి నరసింహరాజుగారిది, సరికొత్తది. అందులోంచి డ్రైవరు పాపారావు చెమటలు కక్కుతూ దిగాడు. రాజుగారు కోర్టులో వ్యాజ్యానికి వెళ్ళారు. వీధిలో నిలిపిన కారుని గడ్డిబండి ఇరుసు గీసుకుంటూ పోయింది. తలుపు మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీత. ఇంతకు ముందున్న డ్రైవరు సూదిమొనంత గీతకే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. పాపారావుకి ఇంటి దగ్గర ముసలి తల్లీ, ముగ్గురు పిల్లలూను.

మాస్టారు కళ్ళు మూసుకుని గీతని నిమిరారు. బాగా లోతుకి దిగిందన్నారు. పూడ్చి, ఆరబెట్టి, రుద్ది, రంగేయడానికి వారం పైనే పడుతుందన్నారు. రాజుగారు మధ్యాహ్నానికే వచ్చేస్తారని పాపారావు అరుగు మీద కూలబడ్డాడు.

"పాపారావుగారూ, ఎదురుగా హోటలుంది. ఇడ్లీ తిని, కాఫీ తాగి, నెమ్మదిగా రండి" అన్నారు మాస్టారు.

పాపారావు పెద్దాయన మాట కాదనలేక వెళ్ళి హోటల్లో కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి వీధి కాలవలో ఆకుపచ్చ నీళ్ళు పారుతున్నాయి. మాస్టారు ఉన్నవాటిలో బరక కాగితం పట్టుకుని, ఆవు మీద పేడ కడిగినట్టు తలుపు తోమేస్తున్నారు. తలుపు నడుమ చేటంత మేర రేకు తెల్లగా తేలింది. గీత లేదు. గీత ఉండడానికి అసలు రంగే లేదు.

పాపారావు నోరు తెరిచేలోగా, వ్యాజ్యం వాయిదా పడి, కారు ఎటు పోయిందో వాకబు చేసుకుంటూ వచ్చి జట్కా దిగనే దిగారు రాజుగారు.

"ఏవండీ మాస్టారూ, ఏమిటిది?"

"తమరి తలుపు మీద చిన్న గరుకు కనిపించిందండీ. డ్రైవరు కాఫీకెళ్ళిన సందు చూసి పట్టుకున్నాను. చెయ్యి జారిందండీ."

పాపారావు నిజం చెప్పబోయాడు. మాస్టారు చెంబెడు సబ్బునీళ్ళు సరిగ్గా అతని కాళ్ళ మీద ఒలకబోశారు. అతను గెంతి దూరం జరిగే లోపల రాజుగారి మొహం ఎర్రబడి, మీసం అదిరి, ఆఖరికి నవ్వులోకి దిగింది. మాస్టారి సంగతి తెలియనివారు ఆ తాలూకాలో లేరు.

"డ్రైవరు చేసుంటే ఈ పూటే పంపేసేవాణ్ణి. మిమ్మల్ని ఎక్కడికి పంపనండీ?" అన్నారు రాజుగారు. బాగుపడేదాకా కారు ఇక్కడే ఉండాలనీ, పాపారావు కదలకుండా కాపలా కాయాలనీ, జీతం మామూలేననీ చెప్పి జట్కా ఎక్కారు.

జట్కా మలుపు తిరిగాక పాపారావు మాస్టారి దగ్గరికొచ్చాడు. "మీ చెయ్యి జారడం ఏవిటండీ?"

"గీత కనపడితే ఎవరు గీశారని అడుగుతారు. రేకు కనపడితే ఎవరు రుద్దారని అడుగుతారు. రుద్దేవాడంటే ఏలూర్లో ఒక్కడే కదండీ."

పాపారావు కళ్ళొత్తుకుని దణ్ణం పెట్టబోయాడు. మాస్టారు అప్పటికే కారు చుట్టూ తిరిగి అవతలి తలుపు దగ్గర చేరి, కళ్ళు మూసుకుని నిమురుతున్నారు. మొహం వెలిగిపోతోంది.

"దానికేమీ కాలేదు కదండీ!" అన్నాడు పాపారావు హడలిపోయి.

"మీరు బాగా చెప్పారు" అన్నారు మాస్టారు, కాగితం సబ్బునీళ్ళలో ముంచుతూ. "పిచ్చివాడన్నాక ఒక్క తలుపుతో ఆగిపోతే రాజుగారికి అనుమానం రాదూ?"