మా అత్త కాళ్ల కింది ఇనప పలక

మా మేనత్త పోయింది. విశాఖ బండిలో వచ్చి దుర్గ్‌లో దిగిన చుట్టాలు ఒక్కొక్కరే మరోదాలోని మా ఇంటికొచ్చి, "మహాతల్లి, అన్నపూర్ణ" అని కళ్లొత్తుకుని, పెద్దకర్మ భోజనాలు చేసి వెళ్లారు. రెండేళ్లకోసారి వచ్చి నాలుగు రోజులు ఆవిడ పెట్టిన పులుసు తిని పోయేవాళ్లకు అలాగే ఉంటుంది. నలభై ఏళ్లు ఆవిడ నోటికి దొరికినవాణ్ని నేను. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నేను ఉన్నది రాస్తాను. అందులో మంచి కనిపిస్తే మీరే ఏరుకోండి.

మా అమ్మ చనిపోయిన ఏడాదే నాన్న తన అక్కను విజయనగరం నుంచి తీసుకొచ్చాడు. నాన్నది ఇక్కడి ఉక్కు ప్లాంటులో పని. డ్యూటీ దిగాక అక్క కోసం వంటగట్టు తనే కట్టాడు. హథ్‌ఖోజ్‌లో పాత ఇనుము అమ్మేచోట కొన్న మందపాటి పలకను ఇటుకల మీద పరిచాడు. అత్తను నిలబెట్టి, మోచెయ్యి మడవమని, దానికి బెత్తెడు కిందికి గోడమీద గీత గీసి, గట్టు సరిగ్గా అక్కడిదాకా లేపాడు. అత్త బాగా పొట్టి. ఆ గట్టు దగ్గర ఇంకెవరు నిలబడినా నడుము పడిపోయేది. ఆవిడకు కావలసిందీ అదే.

నా భార్య పొడగరి. కొత్తగా కాపురానికొచ్చి, వంగి వంగి కూర తరుగుతుంటే అత్త గుమ్మంలో నిలబడి, "ఏటే, తాడిసెట్టంత పెరిగావు, పప్పు ఉడకబెట్టడం రాదేటి?" అనేది. తను ఏడ్చేది. నేను నా పద్ధతిలో పగ తీర్చుకునేవాణ్ని. ఓసారి బియ్యం డబ్బాలో రబ్బరు బల్లి పెట్టి, కేక ఎప్పుడు వినపడుతుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాను. చప్పుడు లేదు. మధ్యాహ్నం నా అన్నం ముద్దలో బల్లి తగిలింది. "తిను. నువ్వు తెచ్చిందే కదేటి" అంటూ ఇంకో గరిటె పులుసు పోసింది.

మూడేళ్ల కిందట గట్టు కింద ఇటుకలు కదిలిపోయాయి. వంటిల్లు కొత్తగా చేయిద్దామన్నాను. అత్త వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లో అంత సుఖం అంతకు ముందెన్నడూ లేదు. చివరికి ఒప్పుకుంది.

"రాయి ఏదైనా ఎయ్యండి. ఎత్తు మాత్రం నా మోచేతికి. నాను బతికున్నన్నాళ్లూ పొయ్యి నాదే."

మేస్త్రీ ఆవిడను గోడ దగ్గర నిలబెట్టి బొగ్గుతో గీత గీశాడు. "మాతాజీ, ఠీక్ హై?" అన్నాడు. ఆవిడ రెండుసార్లు మోచెయ్యి ఆనించి చూసుకుని వెళ్లింది. మేస్త్రీ టీకి బయటికి వెళ్లగానే నేను ఆ గీత తుడిచేసి, అయిదంగుళాలు పైకి ఇంకోటి గీశాను.

జీవితంలో చాలా వేషాలు వేశాను. ఇది మాత్రం వేషం కాదు. నా భార్య నడుము కోసమే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఆ ముసలిదాన్ని పొయ్యి దగ్గర్నుంచి తప్పించాలనుకున్నాను.

గ్రానైట్ పరిచారు. మొదటిరోజు అత్త వచ్చి నిలబడింది. గిన్నెలోకి చూడాలంటే మడమలు లేపాల్సొచ్చింది.

"మేస్త్రీ సిమెంటు ఎక్కువ వేసేశాడేమో అత్తా" అన్నాను, అమాయకంగా మొహం పెట్టి.

"మేస్త్రీ గీత సన్నం. ఆ లావు గీత నీదేరా. బళ్లో పలక మీదా అలాగే గీసీవోడివి, అందుకే తొమ్మిది తప్పావు. నాను ఆ సాయంత్రమే సూసాను."

"మరి మేస్త్రీకి చెప్పలేదేం?" అన్నాను.

"ఏటని సెప్పను? మా తమ్ముడి కొడుకు నన్ను గెంటడానికి గీతలు మారుత్తన్నాడని బయటోడికి సెప్పమంటావేటి?"

మెల్లగా పెరట్లోకి నడిచి, గోడకు చేరేసిన పాత పలకను కాలితో తన్ని చూపించింది. "దీన్లో ఓ ముక్క కోయించి, కాళ్లు ఎల్డింగ్ సేయించి తే. అయిదంగుళాలే కదా."

తెచ్చాను. ఆస్పత్రిలో చేరే రోజుదాకా ఆ ఇనప పీట ఎక్కి నిలబడే వండింది. నా భార్య వంట చేసుకున్నప్పుడు దాన్ని పక్కకు నెట్టేది. రోజూ పొద్దున్నే అత్త దాన్ని కొత్త టైల్స్ మీద బర్రున ఈడ్చుకుని పొయ్యి ముందుకు తెచ్చుకునేది. ఆ చప్పుడు ఎవరికోసమో ఇంట్లో నాకొక్కడికే తెలుసు. సంగతి నా భార్యక్కూడా చెప్పలేదు. నా పరువు కాపాడింది, నన్ను మాత్రం వదల్లేదు. నేను కూడా తప్పయిందని ఒక్కనాడూ అనలేదు. పెట్టింది తిని చెయ్యి కడుక్కునేవాణ్ని.

చుట్టాలంతా వెళ్లాక, "కాలికి తగులుతోంది, ఆ పీట పెరట్లో పడేయండి" అంది నా భార్య. సరేనని వంగాను. ఈ వానల చెమ్మకు పలకంతా ఎర్రగా తుప్పు పట్టింది. మధ్యలో రెండు పాదాలంత మేర మాత్రం ఇనుము ఇంకా నున్నగా మెరుస్తోంది. బొటనవేళ్ల వైపు నుంచి తుప్పు లోపలికి వస్తోంది.